మరిగిస్తే చేదెక్కే చాయ్

చొప్పదండిలో ఓ ఇల్లు అనుకుందాం. పొద్దున ఆరున్నర. పొయ్యి మీద బగోనెలో నీళ్లు కళపెళా మరుగుతున్నాయి. కోడలు కొత్త డబ్బా మూత తీసి, రెండు చెంచాల ఆకు వేసి, రోజూ పెట్టే చాయ్ లాగే ఐదు నిమిషాలు మరగనిచ్చింది. గిలాసలో వడగట్టి అత్తగారి చేతికిచ్చింది. ఆవిడ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది.

"గిదేం చాయ్ బిడ్డా... యాపాకు కషాయం లెక్కనే ఉన్నది!"

"గ్రీన్ టీ అత్తమ్మా. నీకు షుగర్ ఉన్నది గదా, మంచిదట. కండ్లు మూసుకొని తాగెయ్."

కళ్లు మూసుకుని తాగేస్తుంది పాపం. రెండోరోజూ తాగుతుంది. పదోరోజుకి ఆ డబ్బా పోపు డబ్బా వెనక్కి చేరుతుంది. సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు గానీ మళ్లీ కనపడదు!

ఒక్క చొప్పదండిలోనే కాదు. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కూడా గ్రీన్ టీ కథ చాలా ఇళ్లలో ఇలాగే ముగుస్తుంది. ఎవర్ని కదిపినా ఒకటే మాట... ఒంటికి మంచిదే గానీ నోటికి చేదని. మరి చక్కెర లేకుండా, పాలు లేకుండా, పొద్దున్నుంచి రాత్రి దాకా ఇదే చాయ్ తాగే జపాన్ వాళ్ల నాలుకలు వేరే మట్టితో చేసినవా? కాదు. వాళ్లు ఆకును మరిగించరు. అంతే తేడా. మన గిలాసలోకి వచ్చిన ఆ చేదులో ఆకు వాటా కొంతే. మిగతాదంతా పొయ్యి వాటా.

ఒకే మొక్క... రెండు దారులు

గ్రీన్ టీ అంటే అదేదో వేరే మొక్క అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అసోంలో నల్ల చాయ్‌పత్తా అయ్యేదీ, జపాన్‌లో పచ్చ చాయ్ అయ్యేదీ ఒకే జాతి మొక్క. కోశాక ఏం చేస్తారన్న దాంట్లోనే తేడా అంతా. కోసిన వంకాయ ముక్కను గాలికి వదిలేస్తే ఏమవుతుంది? కాసేపట్లో నల్లబడుతుంది. తేయాకు కూడా అంతే. దాన్ని నలిపి అలా నల్లబడనిస్తే బ్లాక్ టీ. నల్లబడక ముందే వేడి తగిలించి ఆపేస్తే గ్రీన్ టీ. చైనాలో ఎక్కువగా పెద్ద మూకుళ్లలో వేయించి ఆపుతారు. జపాన్‌లో ఆవిరి పట్టి ఆపుతారు, మనం ఇడ్లీ ఉడికించినట్టు. కాకపోతే ఇడ్లీకి పది నిమిషాలు పడితే ఆకుకి ఒక నిమిషం చాలు. ఆ ఆవిరి వల్లే జపాన్ చాయ్‌కి ఆ ఆకుపచ్చ రంగు, ఉడికిన పాలకూరలాంటి వాసన.

ఈ పద్ధతి వెనుక ఓ రైతు ఉన్నాడు. పేరు నగతాని సోఎన్. క్యోటో దగ్గర్లోని ఉజితవారా అనే పల్లె ఆయనది. లేత చిగుళ్లను ఆవిరి పట్టి, వేడి మీదే చేతులతో నలుపుతూ సూదుల్లా ఆరబెట్టే విధానాన్ని 1738లో ఆయన ఓ కొలిక్కి తెచ్చాడంటారు. దానికి పదిహేనేళ్లు పట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇవాళ జపాన్ ఇళ్లలో రోజూ తాగే 'సెంచా'కి మూలం అదే.

మన చాయ్‌ది పూర్తిగా వేరే దారి. ఆకును పళ్లచక్రాల మధ్య చింపి, నలిపి, గుళికలుగా చుట్టే సీటీసీ యంత్రం 1930ల తొలినాళ్లలో అసోంలో వచ్చింది. ఆ గుళికలో సారమంతా పైకి తేలి ఉంటుంది. నీళ్లలో పడగానే రంగు, కడుపు నిండా వగరు. ఆ వగరుకి విరుగుడు పాలు. పాలలోని మాంసకృత్తులు ఆ వగరు పదార్థాలను పట్టేసుకుంటాయి. అందుకే మన చాయ్‌ని ఎంత మరిగించినా చెల్లుతుంది. 'జర ఇంకింత మరగనియ్' అనే మాట కూడా అలా పుట్టిందే. ఆ చాయ్‌కి అది న్యాయం. అదే న్యాయం పచ్చాకుకి చేస్తే మాత్రం అన్యాయమైపోతుంది. అక్కడ కాపాడటానికి పాలు లేవు కదా!

వేడి పెరిగితే చేదు... తగ్గితే కమ్మదనం

తేయాకులో రుచిని తేల్చేవి ముఖ్యంగా మూడు. వగరూ చేదూ ఇచ్చే కాటెకిన్లు, చేదుగా ఉంటూ నిద్రమత్తు వదిలించే కెఫీన్, కమ్మదనం ఇచ్చే థియనిన్. మొదటి రెండూ నీళ్లు బాగా వేడిగా ఉంటే దండిగా దిగుతాయి. మూడోది గోరువెచ్చటి నీళ్లలోనూ దిగుతుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. నీళ్ల వేడి తగ్గిస్తే కమ్మదనం వస్తుంది, చేదు వెనకే ఉండిపోతుంది. నూరు డిగ్రీల నీళ్లు పోస్తే చేదు ముందుకొచ్చి కమ్మదనాన్ని తొక్కేస్తుంది.

కమ్మదనం అన్న మాట ఇక్కడ ఊరికే వాడింది కాదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు... ఇవేవీ కాని ఒక రుచి ఉందని 1908లో టోక్యో రసాయన శాస్త్రవేత్త కికునయె ఇకెదా తేల్చాడు. సముద్రపు నాచు వేసి కాచిన చారులో ఆయనకది దొరికింది. దానికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. బాగా పండిన టమాటాల్లోనూ ఉండేది అదే. మన ఇళ్లలో టమాట చారు జుర్రుకుని 'కమ్మగుంది' అంటామే, అదన్నమాట. మంచి సెంచా సరిగ్గా చేస్తే నాలుక వెనుక తగిలేది కూడా ఆ కమ్మదనమే.

థియనిన్ సంగతి ఇంకాస్త ముచ్చటగా ఉంటుంది. ఆకుకి ఎండ తగిలేకొద్దీ థియనిన్ తగ్గి కాటెకిన్లు పెరుగుతాయి. అందుకని కోతకి మూడు వారాల ముందు నుంచీ తోట మీద పందిరి వేసి నీడ పడతారు. అలా నీడన పెరిగిన ఆకుతో చేసేదే 'గ్యొకురో'. జపాన్ చాయ్‌లన్నింటిలోకీ ఖరీదైన రకాల్లో ఒకటి. మాచా పొడికి వాడే ఆకునీ ఇలాగే నీడలో పెంచుతారు. ఈమధ్య ప్రపంచమంతా మాచా మీద పడింది. 2024, 2025ల్లో జపాన్‌లోనే దానికి కొరత వచ్చింది. సెంచా మీద అంత మోజు లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అదీ ఒకందుకు మంచిదే.

కాటెకిన్ పేరు చెబితే ఓ మహిళను తలుచుకోవాలి. ఆవిడ మిచియో త్సుజిమురా. 1888లో పుట్టింది. ఆడపిల్లలకి విశ్వవిద్యాలయాల తలుపులు సరిగా తెరుచుకోని రోజులు. తోటి శాస్త్రవేత్తతో కలిసి 1924లో గ్రీన్ టీలో విటమిన్ సి ఉందని చూపించింది. 1929లో అదే ఆకు నుంచి కాటెకిన్‌ను వేరు చేసింది. 1932లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం ఆమెకి డాక్టరేటు ఇచ్చింది. జపాన్‌లో వ్యవసాయ శాస్త్రంలో ఆ పట్టా అందుకున్న మొదటి మహిళ ఆమే. మనం మొహం చిట్లించే వగరు మీద ఒకావిడ తన జీవితం పెట్టిందన్నమాట!

థర్మామీటర్ అక్కర్లేదు

సెంచాకి నీళ్లు 70 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండాలి. గ్యొకురోకి ఇంకా తక్కువ, 50 నుంచి 60. వంటింట్లో డిగ్రీలు కొలిచేదెవరు? జపాన్ వాళ్లూ కొలవరు. మరిగిన నీళ్లను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోస్తారు. పోసిన ప్రతిసారీ దాదాపు పది డిగ్రీలు తగ్గుతుందని లెక్క. పిల్లలకి పాలు చల్లార్చడానికి రెండు గిలాసల మధ్య తిరగబోస్తామే, అదే పని. రెండుసార్లు తిరగబోస్తే సెంచాకి సరి.

ఇంకో సులువు దారి ఉంది. రెండు గిలాసల మరుగు నీళ్లలో ఒక గిలాస కుండ నీళ్లు కలిపితే వేడి 75 డిగ్రీల దగ్గరికొచ్చి ఆగుతుంది. నడి మే నెలలో చొప్పదండిలో నల్లా తిప్పితే వచ్చే నీళ్లు సగం కాగే వస్తాయి కాబట్టి అప్పుడు మాత్రం లెక్క కాస్త తప్పుతుంది. కుండ లేకపోతే మొదటి దారే నయం.

మనిషికి రెండు గ్రాముల ఆకు, అంటే చిన్న చెంచాడు. నీళ్లు చిన్న కప్పుడు, ఎనభై తొంభై మిల్లీలీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే. పెద్ద గిలాస నింపాలనుకోవడం మన అలవాటు. ఆకు మీద నీళ్లు పోసి మూతపెట్టి ఒక నిమిషం ఆగాలి. కలపకూడదు, పిండకూడదు. టీ బ్యాగు వాడేవాళ్లు చెంచాతో దాన్ని కప్పు గోడకేసి అదిమి చివరి బొట్టు దాకా పిండుతుంటారు. ఆ పిండుడుతోనే దాగి ఉన్న చేదంతా దిగుతుంది.

నిమిషం కాగానే మొత్తం వంపేయాలి. ముగ్గురికి పోయాలంటే ఒక కప్పు నింపి ఇంకోదానికి పోకూడదు. కొంచెం కొంచెంగా మూడింట్లో పోస్తూ, మళ్లీ వెనక్కి రావాలి. లేకపోతే మొదటివాళ్లకి నీళ్లు, చివరివాళ్లకి చిక్కటి చాయ్! చివర పడే బొట్లలోనే రుచి ఎక్కువ. పాత్రలో నీళ్లు మిగిలితే ఆకు నానుతూనే ఉంటుంది, రెండో విడత చెడుతుంది. ఆ రెండో విడతకి నీళ్లు కాస్త వేడిగా పోసి, పది పదిహేను సెకన్లలోనే వంపేయొచ్చు. మూడో విడతా వస్తుంది. అదే ఆకు మూడుసార్లు వస్తుందంటే డబ్బా ధర చూసి గుండె గుభేలుమన్నవాళ్లు కాస్త కుదుటపడొచ్చు.

అన్నింటికంటే ముఖ్యం నీళ్లు. జపాన్‌లో నీళ్లు చాలాచోట్ల తేలిక. మన దగ్గర బోరు నీళ్లు కాచిన బగోనె అడుగున తెల్లటి పొర కడుతుంది చూడండి. ఆ ఉప్పు నీళ్లతో చేస్తే గ్రీన్ టీ మసకబారి, రుచి చప్పబడుతుంది. అదే ఆకు ప్లాంటు డబ్బా నీళ్లతో చేస్తే వేరే చాయ్‌లా ఉంటుంది. డబ్బు ఖరీదైన ఆకు మీద పెట్టేముందు నీళ్లు మార్చి చూడటం మంచిది.

ఆకు దాచే చోటు కూడా చూసుకోవాలి. తేయాకు వాసనలను ఇట్టే పట్టేస్తుంది. ధనియాల పొడి పక్కన పెడితే వారానికే ధనియాల చాయ్ అవుతుంది. వెలుతురు, గాలి, తేమ తగలని బిగుతు మూత డబ్బాలో పెట్టి, తెరిచిన నెలా రెండు నెలల్లో తాగేయాలి. పచ్చగా ఉండాల్సిన ఆకు గోధుమరంగుకి తిరిగితే దాని పని అయిపోయినట్టే.

జుర్రుమంటేనే రుచి

ఇంట్లో పెద్దాయన సాసర్లో చాయ్ పోసుకుని జుర్రుమని తాగితే పిల్లలు నవ్వుతారు. రుచి చూడటమే ఉద్యోగంగా ఉన్న టీ టేస్టర్లు తాగేదీ అచ్చం అలాగే. చాయ్‌తో పాటు గాలి కూడా లోపలికి లాగితే వాసన గొంతు వెనక నుంచి ముక్కుకి ఎక్కుతుంది. రుచిలో సగం పైగా వాసనే కదా. కాబట్టి పెద్దాయనదే రైటు.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యమేస్తుంది. జపాన్‌లో చాయ్‌ల నాణ్యత పరీక్షించే నిపుణులు తెల్లటి గిన్నెలో ఆకు వేసి బాగా మరిగిన నీళ్లే పోస్తారు! రుచి కోసం కాదు. ఆకులో ఏ లోపం ఉన్నా దాక్కోకుండా బయటపడాలని. అంటే ఆకు తప్పులు పట్టుకోవడానికి వాళ్లు చేసే పరీక్షను మనం రోజూ పొద్దున్నే చేసుకుని, ఆ తప్పులన్నీ తాగేస్తున్నామన్నమాట.

మొదటిసారి తాగేవాళ్లు మూడు గుక్కల్లో చూడాలి. మొదటి గుక్క వింతగా ఉంటుంది, పచ్చి పెసరకాయ నమిలినట్టు. రెండో గుక్కకి నాలుక సర్దుకుంటుంది. మూడోది మింగాక ఒక్క క్షణం ఆగితే గొంతులో సన్నగా తీపి తగులుతుంది. ఆ తీపి తగిలిందంటే చేయి కుదిరినట్టే. తగల్లేదంటే నీళ్ల వేడి తగ్గించి రేపు మళ్లీ చూడటమే.

ఈ పచ్చివాసన బొత్తిగా పడనివాళ్లకి రెండు రకాలున్నాయి. ఒకటి 'గెన్మైచా'. ఆకులో వేయించిన బియ్యం కలిపి చేస్తారు. కొన్ని గింజలు పేలాల్లా విచ్చుకుని ఉంటాయి. కాకతీయ కాల్వ కింద వరి పండించే ఊళ్లవాళ్లకి దీని వాసన చెప్పక్కర్లేదు. గంజు అడుగున ఎర్రగా మాడిన అన్నం వాసన అది. రెండోది 'హోజిచా', వేయించిన ఆకు. గోధుమరంగులో, కాల్చిన మక్కకంకి పోలికతో ఉంటుంది. ఈ రెండింటికీ మరుగు నీళ్లు పోసినా ఇబ్బంది లేదు, అర నిమిషంలో వంపేస్తే చాలు. బగోనె అలవాటు మానలేనివాళ్లు వీటితో మొదలుపెట్టడమే తెలివైన పని.

ఎండాకాలంలో అసలు పొయ్యే వెలిగించక్కర్లేదు. లీటరు చల్లటి మంచినీళ్లలో పది గ్రాముల సెంచా వేసి నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో పెడితే, చేదన్నది లేని చాయ్ తయారు. చల్లటి నీళ్లలో కెఫీన్ కూడా తక్కువే దిగుతుంది. ఆరోజే తాగేయాలి.

మందు అనుకుంటేనే చిక్కు

ఇక అసలు విషయం. గ్రీన్ టీ డబ్బా మన ఇళ్లలోకి రుచి దారిన రాలేదు, మందు దారిన వచ్చింది. జపాన్‌లోనూ మొదట అలాగే వచ్చింది లెండి. 1191లో చైనా నుంచి తేయాకు విత్తనాలు తెచ్చాడని చెప్పే బౌద్ధ భిక్షువు ఎయిసాయి, 1211లో చాయ్ గొప్పతనం మీద రాసింది ఆరోగ్య గ్రంథమే. కానీ తర్వాత అక్కడ మందు కాస్తా పానీయమైంది. మన దగ్గర ఇంకా మందుగానే ఉంది. మందనుకుంటే చేదుగా ఉన్నా మింగుతాం. ఎక్కువ తాగితే ఎక్కువ గుణం అనుకుంటాం. వేసుకోవాల్సిన మందు మానేసి దీన్ని నమ్ముకునేవాళ్లూ ఉన్నారు. చిక్కు అక్కడుంది.

బరువు తగ్గిస్తుందా? 2012లో కొక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నింటినీ జల్లెడ పట్టింది. తగ్గేది చాలా స్వల్పమని, లెక్కలోకి తీసుకునేంత లేదని తేల్చింది. గుండెకు మంచిదా? జపాన్‌లోని మియాగి ప్రాంతంలో నలభై వేల మందికి పైగా పెద్దలను పదకొండేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. గ్రీన్ టీ ఎక్కువ తాగేవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు తక్కువగా కనిపించాయి. క్యాన్సర్ మరణాల్లో మాత్రం తేడా కనపడలేదు. అయితే తాగేవాళ్ల తిండి, నడక, అలవాట్లు కూడా వేరుగా ఉండొచ్చు కాబట్టి ఘనతంతా చాయ్‌కే కట్టబెట్టలేం.

షుగర్ ఉన్న అత్తగారికి గ్రీన్ టీ వల్ల ఖాయంగా ఒరిగేది ఒకటుంది. అది ఆకులోది కాదు, చక్కెర డబ్బాలోది. రోజుకి నాలుగు చాయ్‌లు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర. చెంచాకి నాలుగు గ్రాములనుకున్నా 32 గ్రాములు. అది తప్పుతుంది. పాల చాయ్‌లో చక్కెర మానేసినా ఆ లాభం వస్తుందన్నది వేరే సంగతి. గోలీ మాత్రం డాక్టరు చెప్పకుండా మానకూడదు.

కోడలి విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుకోవడంలో చాయ్ ముందుంటుంది. గ్రీన్ టీ అయినా, పాల చాయ్ అయినా అంతే. అన్నం తినగానే కప్పు పట్టుకోవడం, ఐరన్ గోలీని చాయ్‌తో మింగడం... రెండూ తప్పే. భోజనానికీ చాయ్‌కీ మధ్య గంట ఎడం ఉంటే మంచిది. గర్భిణులు కెఫీన్ లెక్క చూసుకోవాలి. రక్తం పలచబడటానికి వార్‌ఫరిన్ వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా కప్పుల మీద కప్పులు తాగకూడదు.

ఇక గ్రీన్ టీ గోలీలు. కప్పు చేసుకునే ఓపిక లేనివాళ్ల కోసం సారాన్ని గోలీలో దట్టించి అమ్ముతున్నారు. వీటి జోలికి పోకపోవడమే మేలు. అందులోని ముఖ్యమైన కాటెకిన్ ఈజీసీజీ రోజుకి 800 మిల్లీగ్రాములు దాటితే కాలేయానికి చేటు జరిగే అవకాశం ఉందని 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది. మామూలుగా కాచుకునే చాయ్‌కి ఆ భయం సాధారణంగా లేదనీ చెప్పింది. కప్పులో చాయ్ ఎక్కువైతే నాలుక చేదని చెప్తుంది. గోలీకి నాలుకతో పనిలేదు కదా!

మళ్లీ ఆ ఇంటికే వద్దాం. పోపు డబ్బా వెనకున్న డబ్బా బయటికొచ్చింది. ఆకు ఇంకా పచ్చగానే ఉంది. కోడలు ఈసారి ప్లాంటు నీళ్లు కాచి, రెండు గిలాసల మధ్య తిరగబోసి, ఆకు మీద పోసి, గోడ గడియారం వంక చూస్తూ నిలబడింది. అత్తగారికి ఇదంతా విడ్డూరం.

"పాలు సల్లార్చినట్టు సల్లార్చవడ్తివి. చాయ్ జేస్తున్నవా, పిల్లగానికి పాలిస్తున్నవా?"

"జర ఆగు అత్తమ్మా, నిమిషం గాలె."

చిన్న కప్పులో లేత ఆకుపచ్చటి చాయ్ వచ్చింది. ఆవిడ అనుమానంగా చూసి, అలవాటు కొద్దీ సాసర్లో వంపుకుని జుర్రుమని లాగింది. కాసేపు ఏమీ అనలేదు. ఇంకోసారి లాగింది.

"చేదైతే లేదు బిడ్డా. పెసరకాయలు ఉడకవెట్టిన నీళ్లలెక్క మంచిగనే ఉన్నది," అని సాసరు కింద పెట్టింది. "గని గింతంతేనా? ఇంకింత పొయ్యి."